కోవూరుకు తిండికొచ్చే పెద్దమనుషులకు కొన్ని చిట్కాలు

మొదటి చిట్కా: ఊళ్ళోకి రాకండి. చెన్నై నుంచి విజయవాడకో, విజయవాడ నుంచి చెన్నైకో పోతూ ఉంటారు కదా, 16వ నంబరు జాతీయ రహదారి దిగకుండా ఉంటే చాలు. పాత రోడ్డు కోవూరు మధ్యలోంచి పోయి, పెన్న వంతెన దాటి నెల్లూరులో పడుతుంది. ఎరువుల కొట్లు, సెల్‌ఫోన్ షాపులు, బస్సు కోసం నిలబడ్డ జనం, వాళ్ళ మధ్య టిఫిన్ బండ్లు, ఇవన్నీ ఉండేది ఊళ్ళోనే. అటు దిగితే మీకు అరగంట దండగ. హైవే మీద అద్దాల హోటలు ఏదో ఒకటి తగలకపోదు. బయట ‘నెల్లూరు స్పెషల్’ అని లైట్ల బోర్డు, లోపల మెనూ కార్డులో దోసెలకే రెండు పేజీలు. చీజు దోసె, పిజ్జా దోసె, చాక్లెట్ దోసె, వాటి మధ్య ఎక్కడో నలిగిపోయి కారం దోసె. అది తినండి. తిని, కోవూరులో తిన్నామని చెప్పుకోండి. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే కోతపడి, లారీలూ బస్సులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ రోజుల్లో తప్ప హైవే మీద పోయేవాళ్ళకు మా ఊరితో పనే పడలేదు. ఇప్పుడు మాత్రం దేనికి?

అయినా దిగుతామంటారా? సరే, దిగేదేదో మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగండి. మా దగ్గర పొద్దున ఆరింటికల్లా పెనం కాగుతుంది. తొమ్మిదిన్నర, పదయ్యేసరికి పిండి గిన్నె ఖాళీ. బండి కడుక్కుని, పట్టా కప్పి, తాడు కట్టి ఇంటికి పోతారు. రేపటికి బియ్యమూ మినప్పప్పూ నానబోసుకోవాలి, మిరపకాయలకు తొడిమలు తీసుకోవాలి, ఒక కునుకు తీయాలి. మళ్ళీ పెనం ఎక్కేది సాయంత్రం ఐదు దాటాకే. కాబట్టి పన్నెండున్నర సరైన ముహూర్తం. పట్టా కప్పిన బండి ముందు నిలబడి, “అంత ఫేమస్ అన్నారు, ఏమీ లేదే!” అని గట్టిగా అనండి. పక్కనున్న టీ కొట్టాయన “సాయంత్రం రా సామీ” అంటాడు. మీకు ఆరింటికి ఫ్లైటు ఉందని, ఇప్పుడే తెరిపించమని అడగండి. పిండి పులవడానికి రాత్రంతా పడుతుందని ఆయన చెబితే, ఇన్‌స్టంట్ మిక్స్ వాడొచ్చు కదా అని సలహా ఇవ్వండి. సలహాలు మీరూ ఇవ్వొచ్చు, నాకొక్కడికే హక్కు రాసివ్వలేదు.

సాయంత్రం దాకా ఉండగలిగితే, ఏ బండి దగ్గర తినాలన్నది పెద్ద ప్రశ్న. జనం మూగిన చోటికి పొరపాటున కూడా పోకండి. అక్కడ నిలబడాలి, ఆగాలి, మోచేతులు తగులుతాయి. నాలుగడుగుల అవతల ఇంకో బండి ఉంటుంది, అక్కడ ఈగలు తప్ప గిరాకీ ఉండదు. మీకు కావలసిన ప్రశాంతత అదే. జనం ఉన్న బండి దగ్గర రుబ్బిన చట్నీ గంటలో అయిపోతుంది, మళ్ళీ కొత్తది పడుతుంది. ఇక్కడ అట్లా కాదు, కొబ్బరి చట్నీ నాలుగింటి నుంచీ మీకోసం ఎదురుచూస్తూ, నెల్లూరు ఉక్కకు కాస్త బుడగలు కూడా కట్టి ఉంటుంది. వేరుశెనగ చట్నీ అయితే ఇంకాస్త ఓర్చుకుంటుంది కాబట్టి దాన్ని అడగకండి. కొబ్బరిదే కావాలనండి, అదీ రాత్రి తొమ్మిదిన్నరకు.

శుభ్రత విషయంలో రాజీ పడకూడదు. అయితే శుభ్రత ఎక్కడ చూడాలో తెలియాలి. బాండలిలో నూనె నల్లబడిందా, నురగ కడుతుందా, పొగ ముందే లేస్తుందా అనేవి చూడక్కర్లేదు. కాగి కాగి చెడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జూలై నుంచి నియమం పెట్టింది కానీ, అది మీ కంటికి కనిపించేది కాదు కదా. మీ కంటికి కనిపించేది గ్లౌజు. గ్లౌజు తొడుక్కున్న మనిషి ఉంటే నమ్మేయండి. అదే చేత్తో నోట్లు లెక్కబెట్టి, అదే చేత్తో గల్లాపెట్టె మూసి, అదే చేత్తో మీ దోసె మీద ఉల్లిపాయ చల్లితే శుభ్రత సంపూర్ణం. ఇక మిరపకాయ బజ్జీకి అంటిన నూనె తీయాలంటే న్యూస్‌పేపరులో పెట్టి గట్టిగా ఒత్తండి. వేడి తిండిని అచ్చుకాగితంలో చుట్టవద్దు, సిరాలోని సీసం వంటివి తిండిలోకి దిగుతాయి అని అదే సంస్థ 2023లో మళ్ళీ చెప్పింది. చెప్పనివ్వండి. కొవ్వు తగ్గించుకుని సీసం పెంచుకునే అవకాశం పల్లెటూళ్ళో రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతోంది.

ఇప్పుడు దోసె దగ్గరికొద్దాం. బండి అక్క పెనం మీద నీళ్ళు చిలకరిస్తుంది. చుయ్‌మని ఆవిరి లేస్తుంది. కొబ్బరీనెల చీపురుతో ఒక్క ఊపు ఊడ్చి, సగానికి కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతుంది. ఈ నీళ్ళూ ఉల్లిగడ్డా చాదస్తమనుకోకండి, పెనం వేడి దిగకపోతే పిండి గరిటెకే చుట్టుకుని వస్తుంది. గరిటెడు పిండి నడిమధ్యలో పోసి, గరిటె అడుగుతోనే లోపల్నుంచి బయటికి తిప్పుకుంటూ పోతుంది. అంచులు పైకి లేవకముందే ఎర్రకారం పడాలి. ఎండు మిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఉప్పు, చింతపండు వేసి మెత్తగా రుబ్బినది. అది దోసె పచ్చిగా ఉండగానే రాస్తేనే పిండితో కలిసి ఉడుకుతుంది. ఆలస్యమైతే పైన పూతలాగే మిగిలి నాలుకను పట్టుకుంటుంది. దాని మీద పప్పులపొడి (వేయించిన శెనగపప్పు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి కొట్టినది) చేత్తో అంత ఎత్తు నుంచి రాల్చాలి. చివర నెయ్యి, అంచుల చుట్టూ. మడతపెట్టి ప్లేటులో పడేసేసరికి మొత్తం నిమిషంన్నర, మహా అయితే రెండు.

ఇదంతా చూస్తూ నిలబడితే మీకు వచ్చే లాభమేమీ లేదు. ఆమె పెనం మీద చెయ్యి ఆడించే సమయానికి మధ్యలోకి ఫోను పెట్టి, “మేడమ్, చెఫ్ మీరేనా? మీ జర్నీ చెప్పండి” అని అడగండి. అక్కా అనో, పెద్దమ్మా అనో పిలిస్తే చొరవ తీసుకున్నట్టు ఉంటుంది. మేడమ్ అంటే ఆమె ఒకసారి వెనక్కి తిరిగి ఎవరొచ్చారో అని చూసుకుంటుంది, ఆ లోపు దోసె మాడుతుంది, మీకు వీడియోలో పొగ బాగా వస్తుంది. తర్వాత తిన్నగా ముందుకు పోయి, “మేం హైదరాబాదు నుంచి వచ్చాం, అర్జెంటు” అనండి. ఇక్కడ టోకెన్లు ఉండవు, ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎన్ని చెప్పారు, ఎవరికి ఉల్లిపాయ వద్దు అన్న లెక్కంతా ఆమె తలలోనే ఉంటుంది, పెనం మీద ఒక కన్ను, జనం మీద ఒక కన్ను. “కూచో నాయనా, ఈ అబ్బాయి డ్యూటీకి పోవాల, ముందు ఆయనకేస్తా” అంటుంది. దీన్ని అవమానంగా తీసుకోండి. రివ్యూలో రాయడానికి మొదటి వాక్యం దొరికినట్టే.

కారం దోసె చెప్పేటప్పుడు కారం లేకుండా చెప్పండి.

“కారం లేకుండా కారం దోసె యాడైనా ఉంటాదా నాయనా? తెల్లదోసె ఏస్తా, పప్పులపొడి చల్లుకుని తిను.”

ఈ మాటలో న్యాయం లేకపోలేదు కానీ మీరు ఒప్పుకోకండి. కారం తక్కువ, నూనె తక్కువ, నెయ్యి అసలే వద్దు, ఉల్లిపాయ ఎక్కువ, పైన చీజు ఉంటే వేయండి అనండి. నెయ్యి వద్దనడం ముఖ్యం. మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్, అది నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఎర్రకారం మీద నెయ్యి పోయడం వెనక ఉన్నది సోకు కాదు, ఈ లెక్కే. పుస్తకంలో చదవకుండానే మా పెద్దమ్మలకు ఈ లెక్క తెలుసు. నెయ్యి మానేస్తే మంట మంటగానే ఉంటుంది. అప్పుడు చల్లటి కూల్‌డ్రింకు తెప్పించుకుని, ముద్దకో గుక్క చొప్పున తాగండి. గ్యాసు నాలుక మీద చురుక్కుమని మంటకు తోడవుతుంది. పక్కనే మజ్జిగ ప్యాకెట్లు అమ్ముతుంటారు, అటు చూడకండి. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా కెమెరా వైపు చూసి ‘సూపర్ స్పైసీ గైస్’ అనాలి, నెయ్యి వేసుకున్నవాడికి ఆ నీళ్ళు రావు.

దోసె చేతికొచ్చాక తినకండి. ప్లేటును బానెట్ మీద పెట్టి ఒక ఫోటో, చేతిలో పట్టుకుని ఒక ఫోటో, వెనక బండి కనిపించేలా ఒకటి, తుంచి పట్టుకున్న ముక్క క్లోజప్పు. మొదటి ముక్కను నమిలినట్టు నటించి, లైటు సరిపోలేదని మళ్ళీ నటించండి. ఆలోగా లోపలి ఆవిరికి దోసె మెత్తబడుతుంది, పప్పులపొడి చెమ్మ పీల్చుకుని ముద్దకడుతుంది, నెయ్యి ప్లేటుకు పేరుకుంటుంది. ఇప్పుడు తిని, కరకరలాడటం లేదని నిజాయితీగా చెప్పండి.

కొంతమంది పెద్దమనుషులకు రుచి చాలదు, చరిత్ర కూడా కావాలి. ‘మన ప్రాచీన ఆంధ్ర వంటకం, వేల ఏళ్ళ నాటి రుచి’ అని వీడియోకి పేరు పెట్టుకుని వస్తారు. వాళ్ళకు నా దగ్గర ఒక ప్రత్యేకమైన చిట్కా ఉంది: పట్టుబట్టి ప్రాచీనమైనదే పెట్టమనండి. ఈ పెన్న ఒడ్డునే 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి కాలంలో తిక్కన ఉన్నాడు. భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టి తెనిగించాడు. ఆ పర్వంలోనే భీముడు వలలుడన్న పేరుతో విరాటరాజు వంటింట్లో చేరతాడు. అంతటి భీముడి వంటింట్లో కూడా మిరపకాయ లేదు. అది అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వాస్కో డ గామా కోళికోడు దగ్గర దిగిందే 1498లో. తిక్కన ఘాటు కోరుకుంటే మిరియాలే గతి. వేరుశెనగా అంతే, దక్షిణ అమెరికాది. చట్నీలోకీ నూనెలోకీ దిగింది చాలా తర్వాత. టమాటా కథా అదే. కాబట్టి ప్రాచీన కారం దోసె అడిగినవాళ్ళకు ఎర్రకారం తీసేసి, వేరుశెనగ చట్నీ తీసేసి, తెల్లదోసె మీద నాలుగు మిరియాలు చల్లి ఇవ్వాలి. బియ్యం, మినుములు మాత్రం ఎప్పటినుంచో ఇక్కడ ఉన్నవే, అందులో అనుమానం లేదు. నన్నడిగితే, అమెరికా నుంచి వచ్చిన కాయను తెచ్చి, వెల్లుల్లి వేసి, దోసె మీద రాసి, ఇది మాదే అని నెల్లూరు జిల్లా ధీమాగా చెప్పుకోవడమే అసలు గొప్ప. కానీ అది వీడియో టైటిల్‌లో పట్టదు.

అమెరికా నుంచి వచ్చినవాటి జాబితాలో ఇంకొకటుంది. కోవూరు నుంచి ఇందుకూరుపేట, విడవలూరు వైపు పోతే రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో గాలి తెడ్లు తిరుగుతుంటాయి. అవి చూస్తూ చూస్తూ బండి దగ్గరికొచ్చి, “సముద్రం రొయ్యలేనా?” అని అడగండి. 1990ల్లో టైగర్ రొయ్యతో జిల్లా ఊగిపోయింది, పొలాలు చెరువులయ్యాయి; తెల్లమచ్చ జబ్బు వచ్చి అంతే వేగంగా కుప్పకూలింది. 2009 తర్వాత వనామి వచ్చింది. దాని సొంతూరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మీ ప్లేటులో ఉన్న రొయ్య బంగాళాఖాతం ముఖం చూసి ఎరగదు. అయినా సముద్రం రొయ్యేనని చెప్పించుకోండి. మీరు గట్టిగా అడిగితే ఆమె “ఆఁ” అంటుంది. బేరాలప్పుడు ఎవరు కాదంటారు?

చేపల పులుసు గురించి వేరే పుస్తకమే రాయొచ్చు, కానీ చెడగొట్టుకోవడానికి నాలుగు మాటలు చాలు.

పొయ్యి మీద నుంచి దించినదే కావాలనండి. నిన్నటి పులుసు ఉందంటే మొహం చిట్లించండి. కొరమేనైనా, బొచ్చెయినా, వంజరమైనా ముక్కలోకి చింతపండు పులుపూ ఉప్పూ కారమూ దిగడానికి రాత్రి గడవాలని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా ఇళ్ళలో సాయంత్రం పులుసు పెట్టి, పొద్దున్నే చద్దన్నంలోకి తింటారు. రాత్రి తిన్నది రుచి చూడటం కిందికే వస్తుంది. ఈ సంగతి మీకు అనవసరం. ‘ఫ్రెష్’ అనే మాట మీద పట్టు విడవకండి. కుదిరితే వంటింట్లోకి పోయి, ఉడుకుతున్న పులుసులో గరిటె పెట్టి బాగా కలపండి. వండేవాళ్ళు దాకను రెండు చెవులూ పట్టుకుని తిప్పుతారే తప్ప గరిటె పెట్టరు, ముక్క విరిగిపోతుందని. మీరు కలిపితే ముక్కలు విరిగి, ముళ్ళు విడిపోయి, పులుసంతా సమానంగా పంచినట్టు ఉంటుంది. ఆ తర్వాత ముల్లు లేని ముక్క ఏరి పెట్టమని అడగండి. తలకాయ అయితే అడగకండి, అది మీదాకా రాదు. రోజూ వచ్చే మామకు పొద్దున్నే తీసిపెట్టి ఉంటుంది.

రావడానికి మంచి నెల మే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. తెడ్డు పడవలవాళ్ళు ఒడ్డు దాటి కొంచెం దూరం పోయి పట్టుకొచ్చేది తప్ప మిగిలిందంతా ఐసులోదో, చెరువుదో. సరిగ్గా అప్పుడే వచ్చి, “వంజరం ఈ పూట పట్టిందేనా?” అని నిలదీయండి. ఇంకో తిరకాసు కూడా ఉంది. నెల్లూరు పులుసుకు పేరు తెచ్చింది అందులో పడే పుల్లమామిడికాయ ముక్క. పిందె కాయగా ముదిరి, పులుపెక్కి, టెంక గట్టిపడే రోజులూ వేట ఆగే రోజులూ దాదాపు కలిసిపోతాయి. మామిడికాయ, సముద్రం చేప రెండూ తాజాగా ఒకే దాకలో పడేది వేసవి మొదట్లో, వేట నిషేధం రాకముందు కొన్ని వారాలే. మిగతా కాలమంతా ఏదో ఒకదానితో సర్దుకుంటారు, నిషేధం రోజుల్లో చెరువు బొచ్చెతో, కాయ లేనప్పుడు చింతపండు కాస్త ఎక్కువ పిండి. అది తెలిసినవాళ్ళు ఏ నెలలో ఏముంటే అది తింటారు. తెలియనివాళ్ళకే నా చిట్కా: డిసెంబరులో మామిడికాయ, మేలో వంజరం అడగండి, దొరక్కపోతే ‘ఆథెంటిక్’ కాదని తేల్చండి.

ఆ పులుసును దేంతో తినాలి? బాస్మతితో. లేదంటే బటర్ నాన్‌తో. పెన్న కాలువల కింద పండే వరి గురించి, మొలగొలుకుల బియ్యానికున్న పేరు గురించి ఎవరైనా చెప్పబోతే వినకండి. పులుసును పీల్చుకోని బియ్యం కావాలంటే బాస్మతిని మించింది లేదు. మెతుకు మెతుకు విడివిడిగా నిలబడి, పులుసు ప్లేటు అంచున తనదారిన తాను పారుతుంది.

అసలు ఇంత దూరం రాకపోవడం ఇంకో దారి. 2022 చివర్లో టీవీ ‘జబర్దస్త్’ కమెడియన్ కిరాక్ ఆర్‌పీ హైదరాబాదు కూకట్‌పల్లిలో నెల్లూరు పెద్దారెడ్డి పేరుతో చేపల పులుసు దుకాణం పెడితే జనం ఎగబడ్డారు. అక్కడ తిని, కోవూరులో తిన్నట్టు పోస్టు పెట్టుకోవచ్చు. పెన్న కనిపించలేదని ఎవరూ అడగరు, మా పెన్నలో ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఎలాగూ ఇసుకే.

సాయంత్రం బండ్ల మీద పులిబొంగరాలు కనిపిస్తే ఒక మాట. పొద్దున ఎప్పుడైనా మిగిలిపోయిన దోసెల పిండి నెల్లూరు ఎండకు సాయంత్రానికి బాగా పులుస్తుంది. దాన్ని పారబోయకుండా ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి గుంతల పెనంలో కొందరు, బాండలిలో కొందరు వేస్తారు. పులుపే దాని ప్రాణం. మీరు పులుపు వద్దనండి. ఈ పూట రుబ్బిన పిండితోనే వేయమనండి. వచ్చినదాన్ని పులిబొంగరం అనలేం కానీ, బిల్లు కట్టేది మీరే కాబట్టి పేరు మీ ఇష్టం.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు మొదటి ముద్దే ఎర్రకారంతో పెట్టండి. ‘మీ తాత ఊరు రుచి ఇదీ’ అని చెప్పి మరీ పెట్టండి. మొదటి రోజు తెల్లదోసె, పప్పులపొడి, నెయ్యితో మొదలుపెట్టి మూడో రోజుకు కారం రుచి చూపించే అమ్మమ్మలు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకు ఓపిక ఎక్కువ. మీకు రిటర్న్ టికెట్టు ఉంది. పిల్లలు ఏడిస్తే మలై కాజా కొనివ్వండి. కొన్న పెట్టెను కారు వెనక అద్దం దగ్గర ఎండలో పెట్టడం మాత్రం మరచిపోకండి.

డబ్బులిచ్చేటప్పుడు జీఎస్టీ బిల్లు అడగండి. ఫోన్‌తో కట్టాక, డబ్బులు పడ్డాయని స్పీకరు అరిచినా, మీ స్క్రీను ఆమె చూసేదాకా కదలకండి, వెనకున్నవాళ్ళు ఆగుతారు. రెండు రూపాయలు ఎక్కువ తీసుకుందనిపిస్తే అక్కడే పది నిమిషాలు వాదించి, కారులో కూర్చుని టోల్‌గేటు దగ్గర కిక్కురుమనకుండా ఎంతంటే అంత కట్టండి.

వెళ్ళాక రివ్యూ తప్పకుండా రాయండి. పార్కింగ్ లేదు, ఏసీ లేదు, మెనూ కార్డు లేదు, వెయిటర్ లేడు, బాత్రూమ్ లేదు, ఒక స్టారు. లేదా దానికి పూర్తిగా తిరగేసి, ఐదు స్టార్లు వేసి, వీడియో పెట్టి, మూడు లక్షల మందిని పంపండి. రెండోదే ఎక్కువ పని చేస్తుంది. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూరులో కుమారి ఆంటీ భోజనాల బండికి ఏం జరిగిందో గుర్తుందిగా. వీడియోలు పాకి, జనం విరగబడి, రోడ్డు నిండిపోయి, పోలీసులు బండి తీసేయమన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కల్పించుకుంటే తప్ప ఆమె బండి ఆమె చోటికి రాలేదు. అన్నం వండి అమ్ముకునే మనిషికి ముఖ్యమంత్రి దాకా పని పెట్టగల శక్తి మీ ఫోనులో ఉంది. మా బండి అక్కకు రోజుకు సరిపడా పిండి, సరిపడా గిరాకీ, పదింటికి ఇంటికి పోయే తీరిక ఉన్నాయి. వాటిని అట్లా వదిలేయడం మీలాంటి పెద్దమనుషులకు తగదు.

వీడియో పెట్టక మానరు కాబట్టి చివరగా ఒక్క మనవి. ఊరి పేరు దగ్గర కోవూరు అని రాయకండి, కొవ్వూరు అని రాయండి. అది గోదావరి ఒడ్డున రాజమండ్రికి ఎదురుగా ఉంది, మంచి ఊరు, పులస చేపలు కూడా దొరుకుతాయి. మీ మూడు లక్షల మందీ అటు పోతారు, మేము ఇక్కడ సాయంత్రం ఆరింటికి నిలబడి మా దోసె మేము తింటాం.